సైనిక్‌పురి సీనియర్ డెవలపర్

సైనిక్‌పురి సీనియర్ డెవలపర్‌కు అనుభవం పదిహేనేళ్లు, వయసు నలభైకి అటూ ఇటూ. జుట్టు వీఆర్‌ఎస్ తీసుకుంది. మాజీ సైనికుల కోసం వెలసిన ఈ కాలనీలో, తరచు ఓ రిటైర్డ్ కల్నల్‌గారి మేడ మీద అద్దెకుంటాడు. ఆఫీసు ఊరికి ఆ చివర, హైటెక్ సిటీలో. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచీ ఈ చివర ఉన్నవాళ్లకు ఆ ప్రయాణం రాసిపెట్టి ఉంది. దారిలో రోజుకో వీడియో పాఠం వినాలని ఇతగాడి సంకల్పం. నేరేడ్‌మెట్‌లో పాఠం మొదలవుతుంది, ప్యారడైజ్ దగ్గర గురక మొదలవుతుంది.

శ్రద్ధకు లోటు లేదు. ఒకప్పుడు అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందులో, జిరాక్స్ నోట్సుతో జావా నేర్చినవాడే. ఇప్పుడు అమీర్‌పేట అంతా ఫోన్‌లోకి వచ్చేసింది. డిస్కౌంట్‌లో కొన్న కుబర్నెటిస్, కాఫ్కా, రస్ట్ కోర్సులన్నిట్లోనూ రెండో పాఠం దాకా దిట్ట. 2017 నుంచి జావా ఆరు నెలలకో వెర్షన్ వదులుతోంది. ప్రతిదాని విశేషాలూ గడగడా చెబుతాడు. అతని ప్రాజెక్టు మాత్రం 2014 నాటి ఎనిమిదో వెర్షన్ మీదే ఉంది. కదిపితే ఏం కూలుతుందోనని ఎవరూ కదపరు.

సైన్యంలో కెప్టెన్ మేజర్ కావాలంటే పరీక్ష రాయాలి. అందుకే కల్నల్‌గారికి ఓ సందేహం.

"మీకు పరీక్షలుండవా?"

"సర్టిఫికేషన్లుంటాయి అంకుల్."

"పాసైతే?"

"లింక్డ్‌ఇన్‌లో పెడతాం."

అసలు చదువు శనివారం రాత్రి సాగుతుంది. పేమెంట్లు ఆగిపోయాయని ఫోనొస్తుంది. లాగ్‌లు తిరగేయగా తిరగేయగా, ఎర్రర్ వచ్చినప్పుడల్లా డేటాబేస్ కనెక్షన్‌ను వదలకుండా పట్టుక్కూర్చుంటున్న ఫంక్షన్ ఒకటి దొరుకుతుంది. దాన్ని సరిచేసి, అదే తప్పు మళ్లీ దూరకుండా ఓ టెస్ట్ రాసి, తెల్లారుజామున పడుకుంటాడు. సోమవారం ఫ్రెషర్ పిల్ల "మరి టెస్టింగ్‌లో ఎందుకు బయటపడలేదు సార్?" అంటుంది. బోర్డు మీద బొమ్మ గీస్తూ సగంలో ఆగిపోతాడు. జవాబు కోసం, ఆ కనెక్షన్లను చూసుకునే లైబ్రరీ సోర్స్ కోడ్ తెరుస్తాడు. ఆ లైబ్రరీని అన్నేళ్లుగా వాడటమే కానీ, తెరిచి చదవడం అదే మొదలు. సాయంత్రానికి ఇద్దరికీ అర్థమవుతుంది.

అయినా ఇది చదువంటే ఒప్పుకోడు. వీడియో లేదు, క్విజ్ లేదు, సర్టిఫికెట్ అసలే లేదు. అప్రైజల్ ఫారంలో "ఈ ఏడాది నేర్చుకున్నవి" అన్న గడిలో రస్ట్ అని నింపుతాడు. మేనేజర్ కూడా అదే సేల్‌లో అదే కోర్సు కొన్నాడు కనుక, ఎదురు ప్రశ్న వేయడు.