గుండ్రటి అక్షరాలకు మూలలు పెట్టించడమెలా?

పాశమైలారంలోనో బొల్లారంలోనో కొత్త షెడ్డు వేశారా? మిషన్లు తర్వాత దిగుతాయి, ముందు బోర్డు ఎక్కాలి. పక్క కంపెనీవాళ్లలా గుండ్రటి అక్షరాలు పెట్టారో, మీది కిరాణా కొట్టనుకుంటారు. ముట్టుకుంటే కోసుకునేటన్ని మూలలుండాలి. లోపల తయారయ్యేది సీసా మూతలైనా సరే, బయట చూసినవాడికి రాకెట్ పార్టులనిపించాలి.

ఇంగ్లిష్ సులువు. 'ఏ'కి అడ్డగీత పీకేయండి. 'ఈ'కి నిలువుగీత తీసి మూడు అడ్డగీతలే మిగల్చండి. 'ఓ'కు ఎనిమిది పలకలు తీర్చండి. ఇదంతా రేపటి స్టైలని డిజైనర్ చెబుతాడు. ఆ రేపు వచ్చి వెళ్లి చాలా కాలమైంది లెండి: ఇటలీవాడు ఆల్డో నొవరేసె పలకల అక్షరాల యూరోస్టైల్ ఫాంటును బయటికి తెచ్చింది 1962లో.

అసలు పని తెలుగుతోనే. కంపెనీ పేరును కోరల్‌డ్రాలో పెట్టి కంట్రోల్ క్యూ కొట్టండి. ఎఫ్10 నొక్కి, నోడ్లన్నీ పట్టుకుని 'టు లైన్' అనండి. వంపులన్నీ ఒక్క దెబ్బకు కర్రల్లా నిలబడతాయి. సున్న చదరమైపోయి, ఫోన్లో ఫాంటు లేనప్పుడు కనిపించే డబ్బాగా మారుతుంది. తలకట్లు అడ్డొస్తే చెరిపేయండి. ప ఏదో వ ఏదో తెలియట్లేదా? పోలికలున్నవే, అవే సర్దుకుంటాయి. 'రుద్రారం' అన్న మాటలో క్రావడి కిందికి వేలాడితే ఏసీపీ షీటు ఇంకో జానెడు పెంచాలి, దండగ ఖర్చు. కోసేయండి.

ప్లాటు నంబరూ అదే ఫాంటులో వేయించండి. ఎనిమిది, సున్నా, ఇంగ్లిష్ 'బి', 'డి' నాలుగూ ఒకేలా కనిపించాలి. ముత్తంగి దగ్గర ఔటర్ దిగి, ఇస్నాపూర్ మీదుగా అర్ధరాత్రి వచ్చిన లారీ డ్రైవరు పది గేట్లు కొట్టి మీ గేటుకొస్తాడు. పది కంపెనీల వాచ్‌మన్లకు మీ పేరు తెలిసిపోతుంది. ఇంత చవక పబ్లిసిటీ ఇంకెక్కడుంది? హాల్టింగ్ చార్జీ మాత్రం మీదే.

ఇక గేటు దగ్గరి నోటీసులు. ఇంగ్లిష్‌లోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ, చదవడానికి వీలుగా ఉండాలంది 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం, 108వ సెక్షన్. ఏ ఫాంటో చెప్పలేదుగా! ఒడిశా కుర్రాళ్లు ఎక్కువుంటే ఒడియాలో రాయించండి. అదీ గుండ్రటి లిపే, దానికీ మూలలు తీయించండి. 'మండే ద్రవం, దూరంగా ఉండండి' అన్న బోర్డును ఎవరైనా ట్యాంకు పక్కకొచ్చి, తల వంచి, కూడబలుక్కుని చదవాలి. అలా చదివితేనే బుర్రకెక్కుతుంది.

బిల్లు మీద బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు మాత్రం మామూలు అక్షరాల్లోనే అచ్చు వేయించండి. అవి ఎవరూ తప్పు చదవకూడదు.