జర్మనీ కిటికీ, బర్మా గుమ్మం

భూగోళ శాస్త్రం రానివాడు ఇల్లు కట్టుకోవడం కష్టం. టింబర్ డిపోకి వెళ్తే బర్మా, ఘనా, నైజీరియా అంటారు. యూపీవీసీ ప్లాస్టిక్ కిటికీల షోరూమ్‌కి వెళ్తే జర్మనీ, టర్కీ అంటారు. కిటికీ గట్టిదేనా అని అడిగితే దాని పుట్టినూరు చెబుతారు. మనం కూడా మంచి గోత్రం దొరికిన పెళ్లివారిలా తలూపి, అడ్వాన్సు ఇచ్చి వచ్చేస్తాం.

ముందు కర్ర సంగతి. బర్మా ప్రభుత్వం 2014 ఏప్రిల్‌లోనే టేకు దుంగల ఎగుమతి ఆపేసింది. అయినా మన డిపోల్లో బర్మా దుంగకు ఏనాడూ కొరత లేదు. ‘పాత స్టాకండీ’ అంటాడు యజమాని. ఆ పాత స్టాకు ఏటా శ్రావణమాసానికి కొత్తగా దిగుతుంది! ఇక సీపీ టేకు. దేశ పటంలోంచి 1950లోనే తప్పుకున్న సెంట్రల్ ప్రావిన్సెస్ మన డిపోల కోసం మాత్రం ఇంకా చెట్లు పెంచుతూనే ఉంది.

డిపో యజమాని చెప్పనిది ఒకటుంది. కమ్మీలో చేవ ఎంత, అంచున తెల్లచెక్క ఎంత? చెదలు పాస్‌పోర్టు అడగవు, తెల్లచెక్కతోనే మొదలుపెడతాయి. కర్ర ఆరకుండా కోసి బిగిస్తే ఆరేకొద్దీ రెక్క కుంచించుకుపోయి వంకర తిరుగుతుంది, అది ఏ దేశపు టేకైనా సరే.

ప్లాస్టిక్ కిటికీ వాళ్లది ఇంకో పురాణం. అల్యూమినియం వేడిని యూపీవీసీ కంటే దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువగా మోస్తుంది కాబట్టి మా కిటికీతో ఇల్లు చల్లగా ఉంటుందంటారు. లెక్క నిజమే. కానీ కిటికీలో ఫ్రేమ్ ఎంత, అద్దం ఎంత? ఎండ వచ్చేది అద్దంలోంచి. జర్మనీలో ఆ ఫ్రేమ్‌లో రెండు మూడు అద్దాలు, మధ్యలో ఖాళీ పెట్టి, చలికి తట్టుకునేలా బిగిస్తారు. మనవాడు అదే ఫ్రేమ్‌లో ఐదు మిల్లీమీటర్ల ఒంటి అద్దం దిగేసి, రెంటచింతల ఎండకు జర్మనీ పేరు చెప్పి భయపెడతాడు. ఎండేమో భయపడదు.

‘సౌండ్‌ప్రూఫ్’ అన్నది అసలైన హాస్యం. పక్కకు జరిగే రెక్కల మధ్య ఉన్నది నూగులాంటి బ్రష్షు పట్టీ. గాలి దూరే సందులోంచి హారన్ దూరదా? షోరూమ్ ఏసీ గదిలో చిన్న స్పీకరు పెట్టి, రెక్క మూసి, ‘చూశారా సార్!’ అంటారు. మన వీధిలో వినాయక చవితి డీజేతో ఆ పరీక్ష పెట్టమనండి చూద్దాం.

ఇంతా చేసి ఇంట్లోకి వేడి రాకుండా ఆపేది ఏ దేశంలోనూ తయారు కాదు. అది కిటికీ మీది సన్‌షేడ్. ఎండను అద్దాన్ని తాకకముందే ఆపాలి. లోపలికి వచ్చాక పరదా వేసి ఏం లాభం? అయితే ‘ఎలివేషన్ పాడవుతుంది’ అని ఆ చజ్జానే తీసేయించి, మిగిలిన డబ్బుతో జర్మనీ ఫ్రేమ్ కొంటున్నాం. పైగా సగమే తెరుచుకునే స్లైడింగ్! ఆ సగానికీ దోమల మెష్, దాని వెనక ఎప్పుడూ మూసి ఉండే పరదా. గాలికి పెట్టిన కిటికీకి గాలే పరాయిదైంది. (ఏసీ కంపెనీలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.)

నన్నడిగితే కర్రా, ప్లాస్టిక్కా, అల్యూమినియమా అన్నది మూడో ప్రశ్న. మొదటిది నీడ, రెండోది బిగింపు. ఫ్రేమ్‌కూ గోడకూ మధ్య సందు సరిగ్గా పూడ్చకపోతే ఏ దేశపు కిటికీ అయినా కారుతుంది.

షోరూమ్‌కి వెళ్తే అడ్డంగా కోసిన నమూనా ముక్క చేతికి తీసుకోండి. యూపీవీసీ ఎండకు మెత్తబడే సరుకు, అందుకే లోపల జింకు పూత ఉన్న ఇనుప గొట్టం దూర్చాలి. అది ఉందో లేదో, ఎంత మందమో చూసి, ఆ మాట బిల్లులో రాయించండి. రాయనంటే జర్మనీకి ఓ దణ్ణం పెట్టి పక్క షాపుకి నడవండి.