చతుష్కణ విజయము

కావ్యారంభంలో ఇష్టదేవతా స్తుతి తప్పదు. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో ఒకానొక చెట్టు చేవలోంచి దిగివచ్చి, ప్రతి కణకేంద్రకంలోనూ నీలమేఘచ్ఛాయతో కొలువుండే హెమటాక్సిలిన్ అమ్మవారికీ, ఆ తల్లి వదిలేసిన చోటల్లా గులాబీ కాంతులు చిలికే ఇయోసిన్ దేవికీ దండాలు. పారఫిన్ దిమ్మెను నాలుగు మైక్రాన్ల పొరలుగా కోసి, ముడత పడకుండా నీళ్ల మీద తేల్చి గాజుపలక కెక్కించిన హిస్టాలజీ టెక్నీషియన్‌కు సాష్టాంగం. ఆయన చెయ్యి వణికితే ఈ కావ్యమే లేదు.

ఇక పురవర్ణన. పెద్దపేగు కండరాల పొరను చీల్చుకుని అవతలి కొవ్వులో పాదం మోపిన అడినోకార్సినోమా మహాసామ్రాజ్యమది. అడ్డు అయిదు సెంటీమీటర్లు. అందులో గ్రంథులే సౌధాలు; ఆ సౌధాల నడుమ చచ్చిన కణాల చెత్తతో పొంగిపొర్లే కందకాలు. వాటిని డర్టీ నెక్రోసిస్ అని పాథాలజిస్టులు మర్యాద పాటించకుండానే పిలుస్తారు. ఇంత వైభవాన్నీ మా మేడం పట్టుమని నిమిషం చూడదు. 10ఎక్స్ తిప్పి, తిన్నగా పొలిమేరకే పోతుంది. కథానాయకుడు ఉండేది అక్కడే మరి.

ఎవరా నాయకుడు? కోట గోడ దిగి, ముందుకు సాగిన ఒంటరి కణం. లేదా ఇద్దరు, ముగ్గురు, మహా అయితే నలుగురు కలిసిన దండు. దీన్నే ట్యూమర్ బడ్ అంటారు. అయిదోవాడు చేరాడా, ఆ హోదా ఊడింది. పేరు వేరు, పద్దు వేరు. జపాన్ వారు ముందునుంచీ పట్టించుకుంటున్న ఈ అణుసేనను తలా ఒక తీరున లెక్కపెడుతూ ఉండగా, 2016లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరాన నిపుణులు సభ తీర్చి శాసనం చేశారు: దండులు బాగా ముసిరిన చోటు ఒక్కటి వెతుకు, 0.785 చదరపు మిల్లీమీటర్లలో ఎన్నున్నాయో లెక్కపెట్టు. నాలుగు దాకా బడ్డింగ్ గ్రేడు బీడీ 1, అయిదు నుంచి తొమ్మిది బీడీ 2, పది, ఆపైన బీడీ 3.

వీరుడి పరాక్రమం ఏమని చెప్పను! పక్కవాడి చెయ్యి పట్టుకోవడానికి పుట్టుకతో వచ్చిన ఇ-క్యాడరిన్‌ను సడలించుకున్నాడు. కణవిభజన కూడా బాగా తగ్గించాడు. సంతానం మీద ఆశ వదిలి సంచారం పట్టిన సన్యాసి లాగా, కొల్లాజెన్ అరణ్యాల్లో దారి వెతుక్కుంటున్నాడు. ఒంటరివాడన్న బిరుదులో మాత్రం అతిశయోక్తి ఉంది. వరుసగా కోసిన పొరలను పేర్చి మూడు కొలతల్లో చూసినవారికి, వీళ్లలో చాలామంది వెనక పెద్ద గడ్డదాకా సన్నటి లంకె కనిపించింది. కవిసమయం కింద క్షమించేద్దాం.

కుకవి నింద కూడా ఉండాలి కదా. బడ్ వేషం కట్టి సభకొచ్చే మాక్రోఫేజులారా, ఉబ్బిన ఫైబ్రోబ్లాస్టులారా, వాపు దెబ్బకు చెదిరి ముక్కలైన గ్రంథి శకలాల్లారా, కెరటిన్ స్టెయిన్ వేస్తే మొదటి ఇద్దరి బండారం బయటపడుతుంది. శకలానికి ఆ భయమూ లేదు. దానిదీ కెరటిన్ వంశమే. పైగా లెక్క మాత్రం మొదట మొక్కిన ఆ ఇద్దరు అమ్మవార్ల హెచ్ అండ్ ఈ రంగుల మీదే కట్టాలని శాసనం. కాబట్టి మీ వేషాలు చెల్లుతూనే ఉంటాయి.

అంత యుద్ధఘట్టం. 20ఎక్స్ దిగింది. మేడం లెక్కకు తొమ్మిది దండులు, జంట మైక్రోస్కోపుకు అవతల కూర్చున్న పీజీ అమ్మాయి లెక్కకు పది.

"మేడం, ఆ మూలది వదిలేశారు."

"అందులో అయిదు కేంద్రకాలున్నాయమ్మా. బడ్ కాదు."

"అయిదోది వాళ్లది కాదు మేడం. పక్కనున్న ఫైబ్రోబ్లాస్టు తొంగిచూస్తోంది."

ఫైన్ ఫోకస్ ముందుకు, వెనక్కు. నాలుగు కేంద్రకాలు గుండ్రంగా, లేతగా, నడుమ న్యూక్లియోలస్ చుక్కతో మెరిశాయి. అయిదోది కాస్త సాగి, ముదురు నీలంగా, సగం నీడలో నిలబడింది. నవ్వంతా ఈ కణాల మీదే. స్లైడు వెనకున్న మనిషి మీద కాదు. లింఫ్ నోడ్లన్నీ శుభ్రంగా ఉన్న రెండో దశ రోగి ఆయన. బీడీ 3 అని రాస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువని అర్థం, కీమో మాట ఎత్తడానికి ఆంకాలజిస్టుకు ఒక కారణం. అందుకే ఇద్దరూ పట్టు వదల్లేదు. సూత్రాలు చెప్పుకున్నారు, అట్లాసులు తెరిచారు, టీలు చల్లారాయి.

అప్పుడు పీజీ అమ్మాయి చూపు ఐపీసు అంచున చెక్కిన అంకె మీద పడింది. ఫీల్డ్ నంబరు 22. శాసనం కట్టిన కొలత 20కి. ఈ కంటికి కనిపించే మైదానమే 0.95 చదరపు మిల్లీమీటర్లు గనుక, వచ్చిన లెక్కను 1.21తో భాగించాలి. పదయితే 8.26. తొమ్మిదయితే 7.44.

"ఎటు తిప్పినా బీడీ 2యే మేడం!"

మేడం ఐపీసు మీంచి తల ఎత్తలేదు.

"రిపోర్టు అలాగే రాసెయ్. కానీ ఆ కేంద్రకాలు అయిదే."