నడకకు పార్కింగ్ ఉందా?

మన పెద్దవాళ్లు ఎంత అమాయకులో! కాళ్లుంటే చాలు నడవొచ్చనుకున్నారు. నడకకైనా సైకిలుకైనా ముందు కావలసింది కారని హైదరాబాద్ పడమటి శివార్లు కనిపెట్టేదాకా ఎవరికీ తట్టలేదు.

నమ్మకం కుదరకపోతే ఆదివారం తెల్లారుజామున నార్సింగి దగ్గర నిలబడండి. ఔటర్ రింగ్ రోడ్డుకూ సర్వీసు రోడ్డుకూ నడుమ సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబరులో తెరిచారు. తెరిచిననాటికి మొత్తం 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, నెత్తిన సోలార్ పలకల కప్పు, ఆ కప్పు నుంచి 16 మెగావాట్ల కరెంటు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు వెళ్లే ముక్క మంచిరేవుల దగ్గర మూసీని దాటుతుంది కనక నదీ విహారం కొసరు.

పెద్ద కారు ఒకటి వచ్చి ఆగుతుంది. వెనక స్టాండుకు సైకిలు కట్టి ఉంటుంది. ఆ సైకిలు ధరకు సెకండ్ హ్యాండ్ ఆటో వస్తుంది. ఉత్సవ విగ్రహాన్ని పల్లకిలోంచి దించినట్టు ఇద్దరు పట్టుకుని దించుతారు. చక్రం బిగిస్తారు, టైరు నొక్కి చూస్తారు, చేతులకు గ్లవ్స్ తొడుగుతారు, ఫోన్‌లో తొక్కిన దూరం లెక్కగట్టే స్ట్రావా యాప్ ఆన్ చేస్తారు. అది ఆన్ కాకపోతే తొక్కినా తొక్కనట్టే. ఒకాయన కోకాపేట దాకా పోయాక యాప్ ఆగిపోయిందని చూసుకుని, వెనక్కి వచ్చి మొదటినుంచీ మొదలుపెట్టాడు. పుణ్యం ఖాతాలో పడాలి కదా! ఆ తర్వాత నేతి కారం దోసె, ఫిల్టర్ కాఫీ. కరిగిన కొవ్వు యథాస్థానానికి చేరాక సైకిలు మళ్లీ కారెక్కుతుంది. పది కిలోమీటర్లు తొక్కడానికి ముప్పై కిలోమీటర్ల డీజిలు. దీనికి పర్యావరణ హితమని పేరు.

సరిగ్గా అదే వేళకు సర్వీసు రోడ్డు మీద ఇంకో సైకిలు వస్తుంది. హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా, వెనక క్యారియర్ మీద మడతపెట్టిన దుప్పటి. చైను కవరు ఎప్పుడో ఊడిపోయింది, ప్యాంటు అంచు ఇరుక్కోకుండా రబ్బరు బ్యాండు వేసుకున్నాడు. రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్. యూటర్న్ ఎక్కడో ఉంది కాబట్టి రాంగ్ రూటులో వస్తున్నాడు, ఎదురైన ప్రతి కారూ హారన్ కొట్టి బుద్ధి చెబుతోంది. రోజూ రెండుపూటలా తొక్కే ఈ మనిషి, నగరంలో సైక్లింగ్ పెరగాలని సదస్సుల్లో బాధపడేవాళ్ల లెక్కలోకి రాడు. ట్రాక్ పక్కనే ఉంది కదా అంటారేమో. ఆయన పోవలసింది ఇంటికి. ట్రాక్ పోయేది ట్రాక్ చివరికి.

నడిచేవాళ్ల భాగ్యమూ ఇంతే. గండిపేట కట్ట దాకా కారులో పోయి నడిచే బదులు ఇంటి ముందు ఫుట్‌పాత్ మీద నడవొచ్చు కదా? నడవొచ్చు, కాకపోతే అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అది దాటితే పాన్ డబ్బా, అది దాటితే వరసగా బైకులు. ఇవేవీ లేనిచోట ఫుట్‌పాతే లేదు. అపార్ట్‌మెంట్లలో పనికి వచ్చే ఆడవాళ్లు రోడ్డు అంచున ఇసుకలో నడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి డివైడర్ ఎక్కి దిగుతారు. గుండె వేగంగా కొట్టుకోవడానికి వాళ్లకు ట్రెడ్‌మిల్ అక్కర్లేదు.

ఇక నది సంగతి. 1908 వరద ఊరిని ముంచేశాక ఉస్మాన్‌సాగర్, అంటే ఆ గండిపేట చెరువే, కట్టడం తలపెట్టారు, 1920కి పూర్తయింది. అప్పటినుంచి మంచినీళ్లు కట్టకు పైన, ఊరు వదిలిందంతా కట్టకు కింద. గేట్లు ఎత్తిన రోజు మాత్రం మూసీ పాత దారి గుర్తు తెచ్చుకుని మంచిరేవుల దగ్గర సర్వీసు రోడ్డెక్కుతుంది, పోలీసులు వచ్చి దారి మూసేస్తారు. నది ఒడ్డున మనం నడవడం ఆరోగ్యం గానీ, మన రోడ్డు మీద నది నడవడం ఏం మర్యాద? దిగువన నాగోలు దగ్గర ఒడ్డున నడిచేవారికైతే ఇంకో సౌకర్యం కూడా ఉంది. అక్కడ ఊపిరి బిగబట్టక తప్పదు కాబట్టి నడకతోపాటు కుంభకం ఉచితం.

వీటన్నిటికీ మందు కొరియాలో దొరుకుతుంది. సోలార్ కప్పు ఆలోచన అక్కడిదే. మూసీని బాగుచేసే కిటుకు నేర్చుకోవడానికి 2024 అక్టోబరులో మంత్రులు, అధికారులు, విలేకరులు సియోల్ వెళ్లొచ్చారు. నగరం నడిబొడ్డున పారే చంగ్యేచాన్ వాగును చూసి ముచ్చటపడ్డారు. ఒకప్పుడు ఆ వాగు నెత్తిన ఎత్తు రోడ్డు ఉండేది, రోజుకు లక్షకు పైగా వాహనాలు పోయేవి. 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005కల్లా వాగును బయటికి తీసి జనాన్ని ఒడ్డున నడిపించారు. మనవాళ్లకు నీళ్లు కనిపించాయి, మెట్లు కనిపించాయి, రంగు దీపాలు కనిపించాయి. కూల్చేసిన రోడ్డు అక్కడ లేదు కనక కంటపడలేదు.

మూసీ వెంబడి పడమర నుంచి తూర్పుకు పెద్ద రోడ్డు వేయాలన్న ప్రతిపాదన మాత్రం ప్రభుత్వాలు మారినా చెక్కు చెదరలేదు. స్తంభాలెత్తి పైన వేస్తే మరీ మంచిది. దాని నీడ ఒడ్డు మీద పడుతుంది గనక నడిచేవాళ్లకు వేరే కప్పు ఖర్చు ఉండదు. స్తంభాల నడుమ ఖాళీలో కార్లు పెట్టుకోవచ్చు.