స్వాపరు మీద పడ్డ నింద: ఒక కెర్నెల్ సందేశానికి టీకా తాత్పర్యం

అవతారిక: లినక్స్ కెర్నెల్‌లో ఒక డ్రైవర్‌ను తొలగించే వేళ, ఎప్పుడో ఒకసారి యంత్రం కూలుతుంది. మళ్లీ చేసి చూపమంటే కూలదు. అలా కూలినప్పుడు కన్సోల్ మీద పడే సందేశమే ఇక్కడ మూలం. గద్యమే అయినా, చాలామంది దీని రెండో వాక్యం దగ్గర పొరబడతారు.

మూలం: బగ్: కేసాన్: స్లాబ్-యూజ్-ఆఫ్టర్-ఫ్రీ ఇన్ పోల్_టైమర్. రీడ్ ఆఫ్ సైజ్ 8 బై టాస్క్ స్వాపర్/1/0.

ప్రతిపదార్థం: బగ్ = దోషము; కేసాన్ = 2015లో 4.0 వెర్షన్‌తో కెర్నెల్‌లో చేరిన మెమరీ కావలి చేత పట్టుబడినది; స్లాబ్ = చిన్న చిన్న ముక్కలుగా పంచిపెట్టే మెమరీ భాండారమందలి; యూజ్-ఆఫ్టర్-ఫ్రీ = విడిచిన పిమ్మట వాడుట; ఇన్ పోల్_టైమర్ = ఆ పేరుగల ఫంక్షన్ నందు; రీడ్ ఆఫ్ సైజ్ 8 = ఎనిమిది బైట్లు చదువుట, అనగా 64 బిట్ల యంత్రంలో తరచుగా ఒక పాయింటర్‌ను తీయబోవుట; బై టాస్క్ స్వాపర్/1/0 = ఒకటో నంబరు సీపీయూకు పనేమీ లేనప్పుడు నడిచే ఐడిల్ టాస్క్ చేత.

అన్వయం: చిక్కంతా ఆ చివరి పదంలోనే ఉంది. స్వాపరు ఏ పాపమూ ఎరుగదు. ఖాళీగా ఉన్న సీపీయూ మీదికి టైమర్ ఇంటరప్ట్ వచ్చింది. ఆ క్షణాన అక్కడ ఉన్నది స్వాపరు కనుక పేరు దానికి పడింది. అది వ్యాకరణానికి కర్త, నేరానికి కాదు. అసలు కర్త కావాలంటే ఇంకా కిందికి దిగాలి. ఆ మెమరీని ఎవరు తీసుకున్నారో, ఎవరు విడిచారో చెప్పే రెండు స్టాక్ ట్రేస్‌లు అక్కడ ఉంటాయి. రాతలో ఆఖరిదైన ‘ఫ్రీడ్ బై’ అన్వయంలో మొదటిది. ఇక్కడ అది డ్రైవర్ రిమూవ్ ఫంక్షన్‌నూ, అందులో మెమరీని విడిచే కేఫ్రీనీ చూపుతుంది. మూలంలో లేనిది రాయనన్న వ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి నియమం ఈ పనికి అచ్చంగా సరిపోతుంది. ట్రేస్‌లో లేని హార్డ్‌వేర్ లోపాన్ని ఊహించి నిందించడం ఈ వృత్తిలో పాత జబ్బు.

పాఠాంతరాలు: కేసాన్ లేని కెర్నెల్‌లో ఇదే దోషం వేరే మాటల్లో పలుకుతుంది. స్లబ్ డీబగ్ పాయిజనింగ్ పెట్టి ఉంటే, విడిచిన మెమరీ నిండా 6బి అనే బైటు పరుచుకుని ఉంటుంది. రిజిస్టర్‌లో 6బి6బి6బి6బి అని కనబడిందంటే సంగతి తెలిసిపోయినట్టే. అదీ లేకపోతే ఆ చోటు మరొకరికి దక్కి, ఏ సంబంధమూ లేని ఫైల్ సిస్టమ్ కూలవచ్చు. రోజుకో చోట కూలుతోంది కాబట్టి ర్యామ్ పాడైందని తేల్చేవారు చదివేది తరచుగా ఈ పాఠమే.

శంక: కన్సోల్‌కు సందేశం రాసే ప్రింట్‌కేలు నాలుగు పెడితే పోదా? సమాధానం: పోతుంది, దోషమే కనబడకుండా పోతుంది. 115200 బాడ్ సీరియల్ కన్సోల్ సెకనుకు 11,520 అక్షరాలు పంపగలదు. 80 అక్షరాల పంక్తికి సుమారు 7 మిల్లీసెకన్లు పడుతుంది. రెండు సీపీయూలు ఢీకొనే సందు మైక్రోసెకన్లలో ఉంటుంది. ఒక సీపీయూ పంక్తి రాసేలోగా రెండోదాని పని తీరిపోతుంది. చూడబోతే మాయమయ్యే ఇలాంటివాటిని జిమ్ గ్రే 1985 నాటి పత్రంలో హైజెన్‌బగ్‌లన్నాడు. ట్రేస్_ప్రింట్‌కే మెమరీలోని రింగ్ బఫర్‌లో రాసుకుని ఊరుకుంటుంది కాబట్టి మేలు. కేసాన్ కూడా ప్రతి 8 బైట్లకు 1 బైటు నీడ మెమరీ పెట్టుకుని, చదివిన ప్రతిసారీ రాసిన ప్రతిసారీ తనిఖీ చేస్తుంది. ఆ మందగమనానికి కూడా కొన్ని దోషాలు దాక్కుంటాయి.

కనుక సందును చూడటం కంటే దాన్ని పెద్దది చేయడం ఉపాయం. టైమర్ ఫంక్షన్‌లో పాయింటర్ తీసే పంక్తికి ముందు ఎండిలేతో కొన్ని మిల్లీసెకన్లు ఆపి, ఇంకోవైపు సిస్‌ఎఫ్‌ఎస్ ద్వారా బైండ్, అన్‌బైండ్ లూప్‌లో తిప్పాలి. ఎంస్లీప్ వాడకూడదు, టైమర్ ఫంక్షన్‌లో నిద్ర నిషిద్ధం. వారాల తరబడి దొరకనిది ఈ పద్ధతిలో నిమిషాల్లో దొరకవచ్చు.

తాత్పర్యం: రిమూవ్ ఫంక్షన్ డెల్_టైమర్‌ను (ఇప్పటి కెర్నెళ్లలో దీని పేరు టైమర్_డిలీట్) పిలిచి, వెంటనే మెమరీ విడిచింది. డెల్_టైమర్ వరుసలో ఉన్న టైమర్‌ను తీసేస్తుందే తప్ప, పక్క సీపీయూలో అప్పటికే నడుస్తున్న ఫంక్షన్ ముగిసేదాకా ఆగదు. ఆగేది డెల్_టైమర్_సింక్ (ఇప్పుడు టైమర్_డిలీట్_సింక్). దానితోనూ తీరని సందర్భం ఉంది: టైమర్ ఒక వర్క్‌ను లేపుతుంది, ఆ వర్క్ తిరిగి టైమర్‌ను పెడుతుంది. అప్పుడు దేన్ని ముందు ఆపినా రెండోది దాన్ని బతికిస్తుంది. ఇందుకే 2023లో వచ్చిన 6.2 కెర్నెల్‌లో టైమర్_షట్‌డౌన్_సింక్ చేరింది. దాని తర్వాత ఎవరు టైమర్ పెట్టబోయినా కెర్నెల్ మారుమాట లేకుండా విస్మరిస్తుంది. ఆపై క్యాన్సిల్_వర్క్_సింక్, అన్నిటికీ చివర కేఫ్రీ.

విశేషం: కేసాన్ తనిఖీ సీపీయూ చదివేవాటికీ రాసేవాటికీ మాత్రమే. డీఎంఏ ద్వారా పరికరం నేరుగా విడిచిన బఫర్‌లో రాస్తే అది చూడలేదు. అక్కడ పరికరం తాకే చిరునామాలను కాచే ఐఓఎంఎంయూ కావాలి, అదీ స్ట్రిక్ట్ పద్ధతిలో. లేజీ పద్ధతిలో అన్‌మ్యాప్ చేసిన చిరునామా కూడా కాసేపు చెల్లుతూనే ఉంటుంది. ఫాల్ట్ సందేశంలో పరికరం గుర్తింపూ, చిరునామా ఉంటాయి. బఫర్‌ను విడిచినవారి ట్రేస్ ఉండదు, దాన్ని డ్రైవర్ కోడ్‌లోనే వెతకాలి.