చినిగిన జెండా ఎవురికియ్యాల సామీ?

చినిగిపోయిన జాతీయ జెండాలను స్వీకరించు అధికారి వారి దివ్యసముఖమునకు,

చిత్తూరు జిల్లా, శాంతిపురం వాస్తవ్యుడు అనేక నమస్కారములతో వ్రాసుకొను విన్నపము.

అయ్యా, తమ పోస్టు అసలు ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే తమ ఆఫీసు ఏ ఊళ్లో ఉందో, తలుపులు ఎన్ని గంటలకు తీస్తారో చెప్పేవాళ్లు కూడా దొరకలేదు. అందుకే తమ పేరిట పత్రికకెక్కాల్సి వచ్చింది, క్షమించగలరు.

పంద్రాగస్టు ముగిసిన వారానికి బస్టాండు పక్క కాలవలో ఒక జెండా కనబడింది. అరటిపండ్ల తొక్కలు, టీ కప్పులు, దాని మధ్యన అది. అంచు పీలికలైపోయింది. కాషాయం వెలిసి రోజా రంగుకు తిరిగింది. దాన్ని ఏరుకొచ్చి, కుళాయి కింద కడిగి, దండెం మీద ఆరేశాను. ఆరేసినాక అనుమానమొచ్చింది, జాతీయ పతాకాన్ని లుంగీల పక్కన ఆరేయవచ్చునా అని. లుంగీలు తీసేశాను.

ఆరిన జెండాను మడిచి, సంచిలో పెట్టుకుని, ఒక ఆఫీసుకు పోయాను. ‘ఇది మా సెక్షను కాదు సార్’ అన్నారు. ఏ సెక్షనో చెప్పండి అంటే నవ్వినారు. ఇంకో ఆఫీసులో ఒకాయన, పాపం మంచిగానే, ‘యాడ దొరికిందో ఆడనే పెట్టేయండి సార్, మీకెందుకు తలనొప్పి’ అన్నాడు. అంటే మళ్లీ కాలవలో! మరోచోట జెండాను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ‘దీన్ని చించింది ఎవురు?’ అని నన్ను అడిగినారు. ఏం సామీ, ఏరుకొచ్చినోడే దొంగా? పారేసినోడు ఇంట్లో కాళ్లు చాపుకుని టీవీ చూస్తా ఉండాడు. నేను మాత్రం బల్లకు ఇవతల నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల!

కోపమొచ్చింది. రాకేం చేస్తుంది? మర్యాద తప్పుంటే మన్నించండి. మన్నించకపోయినా సరే.

సరే, మీ రూలే చూద్దాం. 2002 జనవరి 26న అమల్లోకి వచ్చిన పతాక నియమావళి ఏమంటోంది? చినిగిన, నలిగిన జెండా ఎగరేయకూడదు. పాడైనదాన్ని ఏకాంతంగా, పూర్తిగా, వీలైతే కాల్చి, లేదా గౌరవానికి లోటు రాని ఇంకో పద్ధతిలో రూపుమాపాలి. బాగుంది. ఇక జెండాకు అవమానం జరగకుండా చేసిన 1971 చట్టం ఏమంటోంది? బహిరంగ స్థలంలో గానీ, జనం చూపు పడే ఇంకెక్కడైనా గానీ జెండాను అవమానిస్తూ కాల్చినా, చించినా మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అగ్గిపుల్ల ఒకటే. గోడకు ఇవతల గీస్తే భక్తి, అవతల గీస్తే జైలు. మా పెరటికేమో మూడు దిక్కులా మేడలు. ప్రతి మేడ మీదా సెల్‌ఫోను పట్టుకున్న పిలకాయలు. నేను అగ్గి రాజేస్తే నా మనసులోని గౌరవం వీడియోలో పడుతుందా? పడదు. మంట మాత్రం పడుతుంది.

పోనీ తలుపులేసుకుని కాల్చేద్దామంటే, అది కాలే గుడ్డేనా? ఒకప్పుడు జెండా అంటే చేత్తో వడికి, చేత్తో నేసిన ఖాదీ. మన పక్క రాష్ట్రంలోనే, హుబ్బళ్లి దగ్గర బెంగేరిలో, ఇప్పటికీ ఖాదీ జెండాలు కుడుతున్నారు. అది కాలితే బూడిదవుతుంది. ఆ బూడిదను చెట్టు మొదట్లో వేసుకోవచ్చు. 2021 డిసెంబరు 30న నియమం సవరించి, మిషను మీద నేసిన పాలిస్టరు కూడా పనికొస్తుందన్నారు. పాలిస్టరు బూడిదవదు సార్, కరుగుతూ కాలుతుంది. నల్లటి పొగ, కంపు, చివరికి నేలకంటుకున్న ముద్ద. అందులో మూడు రంగులూ ఉండవు, చక్రమూ ఉండదు. గుడ్డ మార్చినవాళ్లు దాని అంత్యక్రియల సంగతి ఎందుకు మార్చలేదు?

తర్వాత 2022 జూలైలో ఇంకో సవరణ: రాత్రి కూడా ఎగరేయవచ్చునట. అంతకుముందు సూర్యాస్తమయానికి దించాల్సిందే. దించేవాడు ఒకడుండేవాడు, వాడి కంటికి చిరుగు కనబడేది. ఇప్పుడు దించే పనే లేదు కాబట్టి చూసేవాడూ లేడు. ఎండకు ఎండి, వానకు నాని, గాలికి చినిగి, ఎప్పుడో ఒకరోజు కాలవలో పడుతుంది. ఆ ఏడే ఇంటింటా జెండా అన్నారు, పోస్టాఫీసులో 25 రూపాయలకే అమ్మారు. మేమూ కొన్నాం, గర్వంగానే కట్టుకున్నాం. కట్టమని చెప్పడానికి మైకులు వచ్చాయి. దించమని చెప్పడానికి ఒక్క మైకూ రాలేదు.

ఆ 2022లోనే, జూలై 1 నుంచి, ప్లాస్టిక్ జెండాలు నిషేధం. మరి ప్రతి ఆగస్టులో అంగళ్ల ముందు కట్టలు కట్టలుగా వేలాడేవేంటో! మా ఊరి వీధిలైట్ల గురించి కూడా రాద్దామనుకున్నాను గానీ, అది మీ సెక్షను కాదంటారు.

ఇంత తంటా నాకెందుకంటారా? జెండా నమూనా గాంధీ చేతిలో పెట్టిన పింగళి వెంకయ్య మన తెలుగాయన. బెజవాడలో, 1921లో. జాతీయగీతాన్ని ఠాగూరు ఇంగ్లీషులోకి మార్చింది, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం రాసింది మదనపల్లె బిసెంట్ కాలేజీలో, 1919లో. మదనపల్లె అప్పట్లో మా జిల్లాలోనే ఉండేది, మా జిల్లా అని చెప్పుకుని పొంగిపోతూ పెరిగాం. ఆ పొంగే నన్ను కాలవలోకి దించింది, ఇప్పుడేమో బయటికి రానివ్వడం లేదు.

సార్, కోపం అయిపోయింది. ఇక అడుక్కుంటాను. జెండాలు అమ్మిన చోటే ఒక పెట్టె పెట్టించండి. తాళమేసి మీరే ఉంచుకోండి. ఏడాదికోసారి వచ్చి తీసుకుపోయి, పాలిస్టరును ఏం చెయ్యాలో తెలిసినోళ్ల చేత మర్యాదగా చేయించండి. అది కుదరకపోతే ‘ఈయన ఈ జెండాను కాల్చవచ్చును’ అని ఒక చీటీ రాసి, ముద్రేసి పంపండి. దాన్ని గోడకు అంటించుకుంటాను.

జెండా ప్రస్తుతం మా బీరువాలో ఉంది. మా ఇంటామె పట్టుచీరల పక్కన చోటిచ్చింది. సంగతి ఊళ్లో పాకి, బడి పిలకాయలు ఎక్కడ జెండా దొరికినా ‘ఇదిగో తాతా’ అని తెచ్చి చేతిలో పెడుతున్నారు. వద్దనలేను, వద్దంటే వాళ్లేమనుకుంటారు? పెట్టడానికి చోటు లేదు. మళ్లీ జనవరి 26 వస్తా ఉంది. అంతలోపల ఒక్క మాట చెప్పండి సార్.

ఇట్లు,
తమ విధేయుడు,
శాంతిపురం