గల్లా పక్కన జ్ఞానగంగ

షోలాపూర్ తూర్పు భాగంలో, మరమగ్గాల చప్పుడు ఆగిపోతే పసిపిల్లలు ఉలిక్కిపడి లేచే వీధుల్లో, ఇంటికొకడు కాకపోయినా వాడకొకడుంటాడు ఈ మనిషి. పగలు మామ పెట్టిన చిన్న చద్దర్ల దుకాణంలో గల్లా పక్కన కూర్చుంటాడు. రాత్రిళ్లు దూరవిద్యలో రిటైల్ మేనేజ్‌మెంట్ చదువుతాడు, లేదా చదువుతున్నానని చెప్తాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది మరాఠీ, పోస్టులో వచ్చిన పుస్తకాలు ఇంగ్లీషు. కాబట్టి ఇతనికి ఏ సంగతైనా ఒక భాషలో అర్థమై, రెండో భాషలో గుర్తుండి, మూడో భాషలో పరీక్షకొస్తుంది. ఇతన్ని చూసి నవ్వనివాళ్లు ఆ వాడలో లేరు. నవ్వడం న్యాయమే గానీ, దేనికి నవ్వుతున్నామో తేల్చుకోకుండా నవ్వడం న్యాయం కాదు. నా మటుకు నేను చెప్పేదొక్కటే: ఇతని మాటలకు ఎంతైనా నవ్వండి, చదువుకు మాత్రం నవ్వకండి. నేతవాళ్లకు తరతరాలుగా మూసి ఉన్న తలుపొకటుంది. ఇతను తడుతున్నది సరిగ్గా దాన్నే.

ముందు నవ్వుల బాకీ తీర్చేద్దాం. కోర్సులో చేరిన నెలకల్లా ఇతని నోటి తీరు మారిపోతుంది. దుకాణంలోకి వచ్చే మనుషులు ‘ఫుట్‌ఫాల్’ అవుతారు. మామ ఉద్దెర ఖాతా ‘క్రెడిట్ పాలసీ’ అవుతుంది. ఎలుకలు కొట్టిన టవల్ ‘డెడ్ స్టాక్’గా పదోన్నతి పొందుతుంది. కూరగాయలామె దగ్గర కొత్తిమీర బేరం చేస్తూ, సరుకు కంటి ఎత్తున పెడితే అమ్మకం పెరుగుతుందని సలహా ఇస్తాడు. ఆమె గోనెపట్టా పరుచుకుని నేల మీద కూర్చుందన్న సంగతి పాఠంలో లేదు. పెళ్లి భోజనాల్లో స్వీటు ముందు వడ్డించారా, చివర వడ్డించారా అన్నదాన్ని బట్టి ‘లేఅవుట్’కు మార్కులేస్తాడు. పాల ప్యాకెట్ తెమ్మని సూపర్ మార్కెట్‌కు పంపితే, పాలు అంత లోపల చివరి గోడకు ఎందుకు పెడతారో కనిపెట్టి వస్తాడు: దారిలో ఉన్నవన్నీ మనం చూసుకుంటూ నడవాలని. ఇంట్లోవాళ్లకు ఆ వివరం దక్కుతుంది, పాలు దక్కవు.

దూరవిద్యలో దూరమెంతో ఇతన్ని చూస్తే తెలుస్తుంది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది, ఇప్పుడు దానికి అంబేద్కర్ పేరుంది. 1985లో ఢిల్లీలో ఇగ్నో, 1989లో నాసిక్‌లో యశ్వంత్‌రావ్ చవాన్ విశ్వవిద్యాలయం వచ్చాయి. జ్ఞానగంగను ఇంటింటికీ చేర్చడమే నాసిక్ వారి నినాదం. గంగ ఇంటికొచ్చిన మాట నిజమే, అటక మీద కవరు చింపకుండా భద్రంగా ఉంది. ఇగ్నో మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల గడువిస్తే, ఇతను దాన్ని గడువనుకోడు, హక్కనుకుంటాడు. జూన్ పరీక్షలంటే పండరి యాత్రికులు వచ్చే రోజులంటాడు. డిసెంబర్ పరీక్షలంటే పెళ్లిళ్లంటాడు, ఆ వెనకే సంక్రాంతికి సిద్ధేశ్వరుడి గడ్డా జాతర అంటాడు. నూటికి ముప్ఫై వంతుల విలువున్న అసైన్‌మెంట్లు మాత్రం ఆఖరి రోజున దుకాణంలోనే, రెండు రంగుల పెన్నులతో ముత్యాల్లాంటి అక్షరాల్లో రాస్తాడు. ‘వినియోగదారుడితో ఓర్పుగా మెలగుట ఎట్లు’ అన్న ప్రశ్నకు ఐదో పాయింటు రాస్తుండగా వినియోగదారుడే వచ్చి రేటడిగితే, ‘కనబడ్తలేదా, రాస్తున్న’ అని కసురుతాడు.

ఇక్కడే మామ మొదటి అభ్యంతరం లేవదీస్తాడు: పదేళ్లుగా గల్లా పక్కన కూర్చున్నోడికి పుస్తకం కొత్తగా నేర్పేదేముంది? అడగవలసిన ప్రశ్నే. జవాబు ‘ష్రింకేజ్’ అనే ఒక్క మాటలో దొరుకుతుంది. నేతవాళ్ల వాడలో ష్రింకేజ్ అంటే టవల్ మొదటి ఉతుకుకు కుదించుకుపోవడం. రిటైల్ పుస్తకంలో అదే మాటకు అర్థం వేరు: చిట్టాలో ఉండి అరలో లేని సరుకు. దొంగలెత్తుకుపోయిందో, పాడైందో, లెక్కే తప్పిందో గానీ, మొత్తానికి లేదు. ‘మన దుకాణంలో ష్రింకేజ్ ఎక్కువ’ అని ఇతను అంటే, మగ్గం మీద నుంచి దిగొచ్చిన తండ్రి రోషంతో రెండు టవళ్లు బకెట్లో నానబెట్టి, ఆరేసి, జానతో కొలిచి చూపిస్తాడు. తండ్రి మాటా తప్పు కాదు, కొడుకు మాటా తప్పు కాదు. కానీ టవల్ కుదించుకుపోతే కొన్నవాడు తిరిగొచ్చి తిట్టిపోస్తాడు. దొంతర కుదించుకుపోతే ఎవరొచ్చి చెప్తారు? రోజూ కొత్త చద్దర్లు పైన పేర్చి పైవాటినే అమ్మే చోట, అడుగున ఉన్నది ఏనాటిదో ఆ దొంతరకే తెలియాలి. నోరున్న నష్టాన్ని అనుభవం నేర్పుతుంది. నోరులేని నష్టాన్ని పట్టుకోవాలంటే లెక్క కట్టే పద్ధతి కావాలి. అటక మీది కవరులో ఉన్నది అదే.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది: నేసేవాడికి అమ్మే చదువెందుకు? నేసేవాడికి ఇన్నాళ్లూ లేనిది అదే కాబట్టి. 1877లో తొలి మిల్లు లేచిన ఈ ఊరికి, తెలంగాణ పల్లెల నుంచి మగ్గాన్నే నమ్ముకున్న పద్మశాలీలు వలస వచ్చారు. నూలు సాహుకారుది, రేటు సాహుకారుది, కూలి మాత్రం వీళ్లది. జకార్డు మీద నెమలిని దించిన చెయ్యి, ఆ నెమలి ధర పలికే గల్లా దాకా చేరింది అరుదు. ఇంటి ఆడవాళ్లు చుట్టే బీడీలదీ అదే వరస: వెయ్యికింత అని కూలి కట్టేది కార్ఖానా, వేళ్లు నొప్పి పుట్టేది వీళ్లకు. షోలాపూర్ చద్దరుకూ టర్కీ టవల్‌కూ 2005-06లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా పానిపట్‌లో తయారైనవి షోలాపూర్ పేరు మీద అమ్ముడవుతూనే ఉన్నాయి. పేరును కాగితం కాపాడొచ్చు. బేరాన్ని కాపాడాలంటే, తుల్జాపూర్ నుంచో అక్కల్‌కోట నుంచో దిగిన యాత్రికుడి ముందు రెండు చద్దర్లూ పరిచి, తడిమి చూడమని, తేడా చెప్పి, ఈ ధర ఎందుకో ఒప్పించే మనిషి ఉండాలి. రిటైలర్ల సంఘంతో కలిసి ఇగ్నో డిగ్రీగా మలిచిన విద్య అదే.

ఇక మూడో అభ్యంతరం: ఇంతకీ ఇతను పాసవుతాడా? దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. డిగ్రీ రాకముందే పెళ్లవుతుంది, పిల్లలవుతారు, సిలబస్ మారుతుంది. కానీ దొంతర పక్కన తేదీ రాసిన చీటీ ఒకటి అతికించాడనుకోండి, ఆరేళ్ల ఫీజులో కొంత అప్పుడే గిట్టుబాటైనట్టు. పైగా నవ్వుతున్న మనమేమన్నా తక్కువా? మనుషుల్ని రకాలుగా విడగొట్టి, చీటీలతికించి, అరల్లో సర్దడం వ్యక్తిచిత్రాలు రాసేవాళ్లకూ అలవాటే. ఈ వ్యాసమే చూడండి: కొత్తిమీర, స్వీటు, రెండు రంగుల పెన్నులు కంటి ఎత్తున ముందు పెట్టి, వాదనను పాల ప్యాకెట్‌లా చివరి గోడకు చేర్చాను. అక్కడిదాకా మీరు నడిచే వచ్చారు. ఈ కిటుకును శాస్త్రంలో ఏమంటారో నాకు తెలియదు. ఇతన్నడిగితే చెప్తాడు, డిసెంబర్ పరీక్షలకు ఇంపార్టెంట్ ప్రశ్నట.